దిష్టి తగలని హోటలు

రాగసుధా, ఇలా రా అమ్మా. ఆ ఫోను అక్కడ పడేసి నా మంచం ఎక్కు. బల్కంపేట వైపు డప్పులు మోగుతున్నాయి, నా గొంతా చిన్నదైపోయింది. ఇంకాస్త జరిగితేనే వినపడుతుంది. ఊఁ, అలా.

నిన్న బళ్ళో టీచరమ్మ మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే, "మా అమ్మ కనపడని ఇళ్ళు కడుతుంది" అన్నావట. క్లాసంతా గొల్లుమందట. నువ్వు ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చావట. ఏడవడం దేనికే పిచ్చిపిల్లా! నువ్వన్నది నిజమే. మీ అమ్మ మొట్టమొదట కట్టిన హోటలు ఎవరి కంటా పడకూడదనే కట్టింది. దాన్ని అలా కనపడకుండా నిలబెట్టడానికి ఈ తాతమ్మ ఎవరెవరిని కూడగట్టిందో, ఏం వేషాలు వేయించిందో నీకెవరూ చెప్పలేదు. చెప్పరు కూడా. మీ అమ్మకి సిగ్గు, మీ అమ్మమ్మకి ఉక్రోషం. నాకు ఆ రెండూ లేవు.

అప్పటికి నువ్వు లేవు. మీ నాన్న ఎవరో ఇంకా మాకు తెలీదు. పంజాగుట్టలో ఫ్లైఓవరు లేదు, నెత్తిమీద మెట్రో రైలు లేదు. ఉన్నదల్లా కంప్యూటరు పిచ్చి. మన అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఏ స్తంభం చూసినా జావా. కూరలకి సంచీ పుచ్చుకుని బయల్దేరితే సందు చివరికి చేరేసరికి సంచీ సగం నిండిపోయేది, కూరలతో కాదు, కరపత్రాలతో. "ఆంటీ, డెమో ఫ్రీ, జాబ్ గ్యారంటీ" అని నా చేతిలోనూ పెట్టేవారు. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టి వచ్చేసినదాన్ని. అయినా కాగితం నున్నగా ఉండేది, పారెయ్యబుద్ధి కాక అల్మరా అరల్లో పరిచేదాన్ని. మన వంటింట్లో పప్పు డబ్బాలన్నీ జావా మీదే కూర్చునేవి.

ఇక ఆ బోర్డులు! ఒక బోర్డు మీద ఇంకో బోర్డు, దాని నెత్తిన మరోటి. కిటికీలకీ బోర్డులే. పేటలో అన్ని భవనాలున్నాయి, ఒక్క గోడ కంటికి కనపడితే ఒట్టు. అలాంటి పేటలో కూర్చుని, ఎవరికీ కనపడని హోటలు కడతానంది మీ అమ్మ రవళి.

రవళి ఇళ్ళు గీసే చదువు చదివి, పంజాగుట్టలో చక్రపాణిగారి ఆఫీసులో చేరింది. చక్రపాణిగారు మా దివిసీమ వైపు మనిషే. అమీర్‌పేటలో అంతస్తు మీద అంతస్తు లేపి కోచింగు వాళ్ళకి అద్దెకిచ్చి పైకొచ్చాడు. ఆయనకి సముద్రపొడ్డున మొగలిదిబ్బ అనేచోట తాతల నాటి భూమి ఉంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క మడ అడవి, నడుమ ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు, మొగలి పొదలు. నరమానవుడి జాడ ఉండదు. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు వారమంతా తెరలు చూసి కళ్ళు మండిపోయి ఉంటారు, సెలవు దొరికితే అక్కడికొచ్చి పడతారని, ఆయనకి అక్కడో హోటలు కట్టాలని బుద్ధి పుట్టింది. ఆ పని మీ అమ్మకి అప్పజెప్పాడు.

మీ అమ్మ వెళ్ళి ఆ చోటు చూసొచ్చింది. చూసొచ్చిన దగ్గర్నుంచీ కంచం ముందు కూర్చుని గాల్లో వేలితో గీతలు గీసేది.

"ఏమిటే ఆ గీతలు?" అన్నాను.

"అమ్మమ్మా, అక్కడ ఒక్క చెట్టు కొట్టక్కర్లేదు. దిబ్బ ఎలా వంగితే గది అలా వంగాలి. మన చుట్టిళ్ళలాగా గుండ్రటి గోడలు, తాటాకు కప్పు, కిందికి దిగిన చూరు. గోడ ఇసుక రంగులో ఉండాలి. పడవలో పోయేవాడికి అడవే కనపడాలి, లోపల మనిషున్నాడని తెలియకూడదు."

"మనిషున్నాడని తెలియకపోతే వాడికి కాఫీ ఎవరిస్తారే?"

"అబ్బా, నువ్వు కూడా మొదలెట్టకు."

నువ్వు కూడా అని ఎందుకంది? మీ అమ్మమ్మ కుసుమకుమారి అప్పటికే మొదలుపెట్టి ఉంది కనక. "కింద ఫ్లాటు వివేక్ కోర్సు చేసి బెంగుళూరులో చేరాడు. వాళ్ళమ్మ మెట్లెక్కుతుంటే నడకే మారిపోయింది. నువ్వేమో సముద్రం ఒడ్డున గుడిసెలు గీస్తూ కూర్చున్నావు" అని పొద్దున్న ఇడ్లీతో ఒక వాయి, సాయంత్రం టీతో ఒక వాయి. చివరికి రవళికి విసుగొచ్చింది.

"సరే అమ్మా. ఈ ఒక్క హోటలు. నేను గీసింది గీసినట్టు కట్టారా, ఇంక ఈ ఇంట్లో జావా పేరెత్తకూడదు. మార్చేశారా, మర్నాడే వెళ్ళి జావాలో చేరతాను. ఒట్టు."

మీ అమ్మమ్మ ఆ ఒట్టుని కొంగున ముడేసుకుంది.

రవళి ఆ హోటలుకి నమూనా ఇంట్లోనే చేసింది. భోంచేసే బల్ల మీద జల్లెడ పట్టిన ఇసుక పోసి దిబ్బలు చేసింది. స్పాంజికి ఆకుపచ్చ రంగు వేసి అడవి చేసింది. వట్టివేళ్ళు కత్తిరించి కప్పులు నేసింది. మేమందరం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నాం. అంతా అయ్యాక, "చూడండి" అని పక్కకి నిలబడింది.

చూశాం. నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. అడవి కనపడింది, ఇసుక కనపడింది, ఒక మూల అగ్గిపుల్లంత పడవ కనపడింది. హోటలు కనపడలేదు.

అప్పుడే పక్క ఫ్లాటు యేసుమణి వచ్చింది. పంజాగుట్టలో పెద్దాసుపత్రిలో నర్సు. చాలా మంచిది, ఏది వండినా మాకో గిన్నె తెచ్చేది. ఆ రోజు గోంగూర తెచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ గిన్నె తీసుకెళ్ళి సరిగ్గా నమూనా మధ్యలో పెట్టింది.

"అయ్యో ఆంటీ! మూడు గదులు!" అని అరిచింది రవళి.

యేసుమణి ఉలిక్కిపడి గిన్నె ఎత్తింది. "గదులేంటమ్మా? ఇసక కదా! పిల్లి కోసం పోశారేమో అనుకున్నాను."

మా సారయ్య సంగతీ అంతే. సారయ్యది బోరబండ, ఆటో తోలేవాడు. నన్ను గుడికీ ఆసుపత్రికీ తీసుకెళ్ళేది అతనే. నమూనా పంజాగుట్టకి చేర్చడానికి వచ్చి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"గిదేంది పెద్దమ్మా, హోటలేది?"

"అందులోనే ఉంది, వెతుకు."

"ఏడున్నది? నాకు జంగలే కనవడ్తున్నది. ఇంకా గట్టలేదా ఏంది?"

మీ అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. రవళి ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఎవరికీ కనపడలేదంటే కుదిరినట్టే అమ్మమ్మా" అంది నా చెవిలో.

నమూనా ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నేనూ తోడు వెళ్ళాను. చక్రపాణిగారి ఆఫీసు చూడటం అదే మొదలు. గుమ్మంలో ఉట్టిలో బూడిద గుమ్మడికాయ. దాని పక్కన నల్లగుడ్డలో పటిక. తలుపుకి గుర్రపు నాడా. నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండలైతే కిటికీకొకటి. లోపల ఆయన గదిలో కుర్చీకి కట్టిన ఓ దిష్టిబొమ్మ, నాలుక బెత్తెడు. సారయ్య దాన్ని చూసి, "పొలాలకు గట్టెటోళ్ళను జూసిన గని, కుర్చీకి గట్టెటోళ్ళను జూడలే" అన్నాడు.

చక్రపాణిగారికి దిష్టంటే అంత భయం. ఎవరైనా "చొక్కా బాగుందండీ" అంటే వెంటనే "చిరిగింది, లోపల కుట్టు వేయించాను" అనేవాడు. కొత్త కారు కొని, ఎవరి కన్నూ పడకముందే తనే తాళంచెవితో గీత గీసుకున్నాడట. జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. కంగారొస్తే చెయ్యి జేబులోకి పోయేది.

ఆయన నమూనా మీదికి వంగి చాలాసేపు చూశాడు. చూస్తూ ఏదో అనబోయాడు. అంతలో పక్కనుంచి ఓ గొంతు లేచింది.

"బావా, దీన్ని చూసి ఎవడొస్తాడు చెప్పు?"

అతను వీర్రాజు. చక్రపాణిగారి బావమరిది. పెళ్ళి మండపాలకి అలంకరణ, లైటింగు, సిమెంటు బొమ్మలు, ఇదీ అతని వ్యాపారం. చేతికి ఉంగరాలు, మెళ్ళో గొలుసు, కదిలితే అతనే ఓ మండపం.

"మొగలిదిబ్బలో దిగగానే చార్మినారంత కమాను ఉండాలి బావా. దాని మీద ఇటో డాల్ఫినూ అటో డాల్ఫినూ, నోట్లోంచి రంగు నీళ్ళు. ఆ సరుగుడు చెట్లన్నీ కొట్టేసి సిమెంటు కొబ్బరిచెట్లు పెడదాం. ఆకు రాలదు, పురుగు పట్టదు. సీరియల్ బల్బులు చుట్టామంటే ఓడల్లోంచి కనపడుతుంది, ఆయ్!"

"సార్, అడవిలో కలిసిపోవాలనే కదండీ మనం..." అని రవళి నసిగింది.

"కలిసిపోతే ఎలాగమ్మా? తప్పిపోతారు జనం."

చక్రపాణిగారు అటు చూశాడు, ఇటు చూశాడు. బావమరిదిని కాదనడు. కాదంటే ఇంట్లో భూలక్ష్మిగారున్నారు. ఆవిడకి తమ్ముడంటే ప్రాణం. చివరికి ఆయన చెయ్యి జేబులోకి పోయింది. "నువ్వూ ఓ నమూనా చేసి పట్రా వీర్రాజూ. ఆదివారం రెండూ పక్కపక్కన పెడదాం. మామూలు జనం చూసి ఏమంటారో విందాం" అని, నా వైపు తిరిగాడు. "పిన్నిగారూ, మీరూ రండి. మీతో పాటు నోరున్న వాళ్ళని ఓ ఇద్దర్ని తీసుకురండి."

ఆ మాట గుర్తుపెట్టుకో రాగసుధా, మళ్ళీ పనికొస్తుంది.

నమూనా అక్కడే వదిలేసి తిరిగొచ్చాం. ఇంటికొచ్చేసరికి మీ అమ్మమ్మ జావా కరపత్రం ఫ్రిజ్ మీద అంటించి ఉంచింది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఒక్క చెట్టూ కొట్టకుండా కడతానంటే, వాడు సిమెంటు కొబ్బరిచెట్లు పెడతానంటాడా! ఆ మధ్యాహ్నం పప్పు డబ్బా తీస్తుంటే అరలో కరపత్రం కనపడింది. డెమో ఫ్రీ. అప్పుడు తట్టింది. అమీర్‌పేటలో అందరూ కోచింగు ఇస్తున్నారు, నేనెందుకు ఇవ్వకూడదు?

మీ అమ్మకీ అమ్మమ్మకీ తెలియకుండా యేసుమణి వాళ్ళ ముందుగదిలో బ్యాచి పెట్టాను. విద్యార్థులు ఇద్దరు. యేసుమణి ఒకరు, సారయ్య ఒకరు.

"ఫీజెంత పెద్దమ్మా?" అన్నాడు సారయ్య.

"డెమో ఉచితం."

"నౌకరీ గ్యారంటీయేనా?"

"నీకు కాదు, రవళికి. నోరు మూసుకుని విను. ఆదివారం అక్కడ రెండు నమూనాలుంటాయి. కమానున్న దాని ముందు నిలబడి రెప్ప వెయ్యకుండా చూడాలి. తర్వాత నిండుగా ఊపిరి పీల్చి, 'అబ్బ, ఎంత బాగుందో! ఇలాంటిది ఎవ్వరికీ లేదు' అనాలి. దిష్టి అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనకూడదు. పొగడాలి, అంతే. తర్వాత రవళి నమూనా ముందుకెళ్ళి, ఇక్కడేమీ లేదే అనుకుంటూ వచ్చెయ్యాలి."

"పొగిడితే ఏమైతది?"

"ఏమీ కాదు. చక్రపాణిగారికి చెమట పడుతుంది."

సారయ్యకి అర్థమై తొడ చరుచుకున్నాడు. "నీ బుర్ర మస్తు పాదరసం పెద్దమ్మా! ఫికర్ జెయ్యకు. నా సూపుకు లారీ టైరు పగులాలె."

యేసుమణి మాత్రం తల అడ్డంగా ఊపింది. "నాకు ఈ దిష్టులూ అవీ నమ్మకం లేదు మామ్మగారూ. పైగా ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె తీసుకుని నేరుగా వస్తాను. ఆ నోటితో అబద్ధం చెప్పలేను. బాగుంటే బాగుందంటాను, లేకపోతే ఊరుకుంటాను."

"పోనీ ఊరుకునే నిలబడు తల్లీ, తెల్ల చీరలో నిండుగా ఉంటావు" అన్నాను. మనసులో మాత్రం బ్యాచిలో సగం ఫెయిలనే అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. పంజాగుట్ట ఆఫీసు హాల్లో రెండు బల్లలు. ఒకదాని మీద మీ అమ్మ ఇసుక. రెండోదాని మీద వీర్రాజు కమాను. నిజం చెప్పాలంటే అదేం తక్కువ నమూనా కాదే! థర్మాకోల్‌తో చెక్కి, బంగారు రంగు పూసి, డాల్ఫిన్లకి అద్దాల కళ్ళు పెట్టి, చుట్టూ బల్బులు. దసరా పందిరిలా ఉంది. భూలక్ష్మిగారు పట్టుచీర కట్టుకుని తమ్ముడి బల్ల పక్కనే కుర్చీ వేయించుకున్నారు. రవళి తన బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

సారయ్య ముందుకొచ్చాడు. కమాను ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కళ్ళు పెద్దవి చేసుకుని, అలా చూస్తూనే ఉండిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి కానీ రెప్ప పడలేదు.

"అబ్బబ్బబ్బ! ఏం గట్టిండ్రు సార్! గిసొంటిది హైదరాబాద్ల లేదు. మా బోరబండోళ్ళందర్ని దోలుకొచ్చి సూపిస్త. బస్తీ బస్తీ వచ్చి సూస్తది. ఏం కొబ్బరిచెట్లు! ఏం చేపలు!"

"ఏడవకు బాబూ" అన్నాడు వీర్రాజు, పొంగిపోతూ.

చక్రపాణిగారి చెయ్యి జేబులోకి పోయింది. భూలక్ష్మిగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

అప్పుడే యేసుమణి వచ్చింది. చేతిలో బైబిలు, తలమీద కొంగు. గుమ్మంలోంచి నేరుగా కమాను మీద చూపు పడింది. పడ్డది అక్కడే అతుక్కుపోయింది. నేను చెప్పిన పాఠం ఆవిడకి గుర్తు లేదు. నేనే గుర్తు లేను.

"ఎంత ముద్దుగా ఉందండీ!" అంది. బైబిలు గుండెకి హత్తుకుంది. "నా జన్మలో ఇంత అందమైనది చూడలేదు. ఆ చేపల కళ్ళు చూడండి, ఎలా మిలమిలలాడుతున్నాయో! నాకిచ్చేస్తే ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకుంటాను."

అబద్ధం చెప్పనన్నది కదా, చెప్పలేదు. మనస్ఫూర్తిగా ఆశపడింది. సారయ్య నటనంతా ఓ ఎత్తు, ఆ నిజం ఓ ఎత్తు. మీ అమ్మ ముఖం వాడిపోయింది. చక్రపాణిగారి నిమ్మకాయ జేబులోంచి బయటికే వచ్చేసింది. భూలక్ష్మిగారైతే లేచి నిలబడ్డారు.

"ఏవండీ, నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. వీళ్ళు ఇలా చూస్తున్నారేమిటండీ!"

"చూడనీ అక్కా! చూడాలనే కదా పెట్టింది! ఇంకా లైట్లు వెయ్యలేదు, ఉండండి" అని వీర్రాజు ప్లగ్గు పెట్టాడు.

కమాను భగ్గున వెలిగింది. ఎర్రబల్బులు, పచ్చబల్బులు, నీలంబల్బులు, అటూ ఇటూ పరుగులు. అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో పోవడం మామూలే. వచ్చేటప్పుడు మాత్రం ఒక్కోసారి రెట్టింపు ఊపుతో వచ్చేది. అలాగే వచ్చింది. ఫట్! ఎర్రబల్బు. ఫట్ ఫట్! పచ్చవి. ఆ వరసలో నీలాలు. చిన్న పొగ లేచి, ఎడంవైపు డాల్ఫిను ముక్కు కరిగి, మెల్లగా వంగి, రవళి బల్ల వైపు నమస్కారం పెట్టినట్టు ఒరిగింది.

సారయ్య తన కళ్ళు తనే తడుముకుని చూసుకున్నాడు. "అమ్మో" అన్నాడు భయంగా.

"చాలు తమ్ముడూ, చాలు!" అన్నారు భూలక్ష్మిగారు. "బొమ్మకే ఇంత తగిలితే, కట్టాక ఊరంతా చూస్తే మనం బతికి బట్ట కడతామా? ఏదీ, ఆ రెండోది ఏది? ఆ అమ్మాయి చేసిన హోటలేదీ?"

"ఇదేనండీ" అంది రవళి.

భూలక్ష్మిగారు వంగారు. తల అటు తిప్పారు, ఇటు తిప్పారు. "ఏదమ్మా?"

మీ అమ్మ గోటితో ఓ దిబ్బ అంచు పట్టుకుని పైకెత్తింది. దిబ్బ కాదు, తాటాకు కప్పు. కింద గుండ్రటి గది, గదిలో గోరంత మంచం, సముద్రం వైపు కిటికీ. మళ్ళీ మూసింది. మళ్ళీ ఇసుకే.

"ఎదురుగా నిలబడ్డ నాకే కనపడలేదు. ఇంక దీని మీద ఏ పాడు కన్ను పడుతుంది?" అని భూలక్ష్మిగారు మొగుడి వైపు తిరిగారు. "ఇదే కట్టండి."

"నీ మాట ఎప్పుడు కాదన్నాను?" అన్నాడు చక్రపాణిగారు.

అలా గెలిచాం. ఇంతటితో కథ అయిపోతే బాగుండేది. కానీ సారయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికొస్తుంటే ఆటోలో వెనక్కి తిరిగి, "పాసైనమా పెద్దమ్మా? సర్టిఫికెట్ ఎప్పుడిస్తవ్?" అన్నాడు.

"ఏం సర్టిఫికెట్?" అంది రవళి.

నేను మోకాలితో అతని సీటుని పొడిచాను. పొడిచేలోపే అంతా చెప్పేశాడు, గర్వంగా.

రవళి అమీర్‌పేట చౌరస్తాలో ఆటో ఆపించి దిగిపోయింది. "అంటే నా పని బాగుందని కాదు, దిష్టి తగలదని ఒప్పుకున్నారా? రేపొద్దున్నే ఉద్యోగం మానేస్తాను. ఆ జావాలోనే చేరతాను" అంది. కోపమైతే నేను తట్టుకుందును. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. బోర్డుల మధ్యనుంచి నడిచి పోతుంటే, చూస్తుండగానే జనంలో కలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే నిమ్మకాయ పచ్చడి సీసా ఒకటి పుచ్చుకుని పంజాగుట్ట పరిగెత్తాను. చక్రపాణిగారి కాళ్ళైనా పట్టుకుందామని. వెళ్ళేసరికి రవళి అప్పటికే ఆయన ఎదురుగా నిలబడి ఉంది. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేసింది. ఎందుకో కూడా చెప్పేసింది. మా బ్యాచి సంగతి సహా.

ఆయన నన్ను చూసి పెద్దగా నవ్వాడు. "రండి పిన్నిగారూ. మీ సారయ్య ఆటోలో నేనెన్నిసార్లు ఎక్కానో మీకు తెలీదు. నిన్న గుమ్మంలో చూడగానే అర్థమైంది. అసలు నోరున్న వాళ్ళని తీసుకురమ్మని మీకెందుకు చెప్పాననుకున్నారు?"

నేను పచ్చడి సీసా బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను.

"వీర్రాజుకి కాదని చెప్పాలంటే మా ఆవిడకి కాదని చెప్పాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ధైర్యం చెయ్యలేదు. నేను కాదంటే గొడవ. దిష్టి కాదంటే గొడవేముంది? దానికెవరు ఎదురు చెప్తారు? పామూ చచ్చింది, కర్రా విరగలేదు." తర్వాత రవళి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు గడియ వేసుకుని నేనేం చేసేవాణ్ణో తెలుసా? నీ నమూనాలో గదులు వెతికేవాణ్ణి. దాగుడుమూతల్లాగా. ప్రతిసారీ ఏదో ఒక గది దొరికేది కాదు. అమీర్‌పేటలో ఇన్ని భవనాలు కట్టాను, ఒక్కదాన్నీ రెండోసారి చూడాలనిపించలేదు. కనపడనిదాన్ని మాత్రం రోజూ చూడాలనిపించింది. మొదటి రోజే ఇదే కట్టాలనుకున్నాను."

రవళి నేల చూపులు చూస్తూ, "ఏ గది దొరకలేదు సార్?" అంది.

"మొగలి పొదల వెనకాలది."

"అది నాకూ ఇష్టం" అంది. అంతే, ఉద్యోగం మానే మాట మళ్ళీ ఎత్తలేదు.

"అయితే మీకు దిష్టి భయం లేదన్నమాట?" అన్నాను నేను, కాస్త తేరుకుని.

"ఎందుకు లేదు? బల్బులు పేలడం నేను చెప్పి చేయించానా?" అని నేను తెచ్చిన పచ్చడి సీసా వైపు అనుమానంగా చూశాడు. "ఇందులో నిమ్మకాయలు కోసినవేనా, గుమ్మానికి కట్టినవా?"

ఇక మిగిలింది వీర్రాజు ప్రశ్న. వాడన్నదీ తప్పు కాదు కదా, ఎవడికీ కనపడకపోతే ఎవడొస్తాడు? దానికీ భూలక్ష్మిగారే దారి చూపించారు. కట్టడం మొదలుపెట్టేటప్పుడు దిష్టిబొమ్మ లేకుండా వీల్లేదన్నారు, అది తమ్ముడే చెయ్యాలన్నారు. రవళి ఒక్కటే షరతు పెట్టింది. బొమ్మ రోడ్డు మలుపులోనే ఉండాలి, అడవిలోకి అడుగు పెట్టకూడదు. వీర్రాజు తన కమాను కోరికంతా అందులో తీర్చుకున్నాడు. తాటిచెట్టంత బొమ్మ, కోరమీసం, చాపంత నాలుక, కళ్ళలో ఎర్రబల్బులు. ఇప్పుడు బస్సు కండక్టర్లు ఆ మలుపు రాగానే "దిష్టిబొమ్మ, దిష్టిబొమ్మ" అని కేకేస్తారట. హోటలుకి బోర్డు లేదు. ఆ నాలుకే బోర్డు.

గృహప్రవేశానికి మేమందరం వెళ్ళాం. దిష్టిబొమ్మ దగ్గర బండి దిగి, సరుగుడు చెట్ల కింద నడిచి నడిచి, కాళ్ళు పీకుతుంటే ఓ ఇసుక దిబ్బ మీద చతికిలబడ్డాను. "ఇంకెంత దూరమే హోటలు?" అన్నాను. మీ అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మమ్మా, లే. నువ్వు వంటింటి కప్పు మీద కూర్చున్నావు."

కింద నుంచి పోపు వాసన వస్తూనే ఉంది. నేనే గమనించలేదు. యేసుమణి మాత్రం, "బాగానే ఉంది కానీ, ఆ చేపలుంటే ఇంకా బాగుండేది" అని చివరిదాకా అంటూనే ఉంది. మీ అమ్మమ్మ మూతి ముడుచుకుని ఓ గంట తిరిగింది. తర్వాత చూస్తే, వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "ఇదిగో ఇక్కడ గది ఉంది, చూరుకి తల తగలకుండా వంగండి" అని తనే చూపిస్తోంది. ఫ్రిజ్ మీది కరపత్రం ఏమైందో నేనడగలేదు. ఆ వారమే నా పప్పు డబ్బా కింద కొత్త కాగితం కనపడింది.

అదీ సంగతి. రేపు బళ్ళో ఎవరైనా నవ్వితే ఏడవకు. మధ్యలో కూర్చుని ఈ కథంతా మొదట్నుంచీ చెప్పు. నాకు మతి తప్పిపోయాక కూడా చెప్పు. సారయ్య కళ్ళమ్మట నీళ్ళు మాత్రం మర్చిపోకు, చాలా కష్టపడ్డాడు. వింటున్న వాళ్ళలో భూలక్ష్మిగారి తాలూకు పిల్లలెవరైనా ఉన్నారేమో ముందే చూసుకో. ఉంటే మా బ్యాచి సంగతి దాటేసి, బల్బులు పేలిన దగ్గర ఆపేసి, మిగతాది వాళ్ళు ఇంటికి వెళ్ళాక చెప్పు.